ఆ చీర మీరు కట్టొద్దు



దసరా దగ్గర పడిందంటే మా మంచిర్యాల బజారుకు కొత్త కళ వస్తుంది. సింగరేణి కార్మికులకు లాభాల్లో వాటా చేతికొచ్చే రోజులు గదా! శ్రీరాంపూర్ నుంచీ, మందమర్రి నుంచీ, నస్పూర్ కాలనీల నుంచీ ఆడవాళ్ళు పిల్లల్ని వెంటేసుకొని బట్టల దుకాణాలకు దిగుతారు. అటు గోదావరి దాటితే గోదావరిఖని లక్ష్మీనగర్ బజారులోనూ ఇదే సందడి. దుకాణం గుమ్మంలో నిలువెత్తు సినిమాతార బొమ్మ నవ్వుతూ వుంటుంది. లోపల గుమాస్తా చీర మడత విప్పి, కుచ్చెళ్ళు పోసి, తన భుజానే వేసుకొని, "ఇది ఫలానా సినిమాలో ఫలానా హీరోయిన్ కట్టిందమ్మా" అంటాడు. నిజంగా కట్టిందో లేదో మనం అడగం. ఆ మాటతో చీరకు ఒక వంద రూపాయలు పెరుగుతాయి. ఇచ్చి వచ్చేస్తాం.

పేరున్నవాళ్ళు కట్టుకుంటే సరుకు అమ్ముడుపోతుంది. అందుకే కంపెనీలవాళ్ళు తారలకూ, క్రికెట్ ఆటగాళ్ళకూ డబ్బిచ్చి మరీ తమ బట్టలు వేయిస్తారు. ఇందులో వింత లేదు. అయితే, "అయ్యా, మీకు దండం పెడతాం, మా బట్టలు మాత్రం వేసుకోకండి, కావాలంటే డబ్బిస్తాం" అన్న కంపెనీని ఎక్కడైనా విన్నారా? ఈ వేళ ఆ ముచ్చటే చెప్పాలనుకుంటున్నాను. ఎందుకు ఎత్తుకున్నానంటే, దానికీ మా ఇంట్లో బీరువా అడుగున వున్న ఒక చీరకూ సంబంధం వుంది. ఆ సంగతి చివర చెబుతాను.

అమెరికాలో అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అని ఒక బట్టల కంపెనీ వుంది. కుర్రకారు వేసుకునే జీన్సు ప్యాంట్లూ, బనియన్ చొక్కాలూ అమ్ముతుంది. 2011వ సంవత్సరంలో అక్కడి టీవీలో 'జెర్సీ షోర్' అనే కార్యక్రమం వచ్చేది. కొందరు యువతీయువకుల్ని ఒక ఇంట్లో పెట్టి, వాళ్ళు తాగినా, తిట్టుకున్నా, కొట్టుకున్నా అన్నీ చూపించేవారు. మన టీవీల్లోనూ అలాంటి ఇళ్ళు వచ్చాయి కనుక మీకు వేరే చెప్పక్కరలేదు. అందులో మైక్ సోరెంటినో అనే యువకుడు ఈ కంపెనీ బట్టలు వేసుకొని కనిపించాడు. 2011 ఆగస్టులో కంపెనీ బహిరంగంగా ఒక ప్రకటన చేసింది. ఈయన మా బట్టలు వేసుకోవడం వల్ల మా పేరుకు నష్టం కలుగుతోంది, వేరే కంపెనీ బట్టలు వేసుకుంటే గణనీయమైన సొమ్ము ఇస్తామని చెప్పాం అని దాని సారాంశం.

మా అబ్బాయి ఇది చదివి వినిపించినప్పుడు నాకు నవ్వాగలేదు. "మా ఇంటి పెళ్ళికి దయచేసి రాకండి, చదివింపులు మేమే మీ ఇంటికి పంపిస్తాం" అన్నట్టు లేదూ? ఇంకా విచిత్రమేమిటంటే, అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ ఆ యువకుడి ముద్దుపేరును తమ పేరుతో కలిపి చమత్కారంగా రాసిన చొక్కా ఒకటి అమ్ముకుంది. ఆయన కోర్టుకెక్కాడు కానీ 2013లో ఓడిపోయాడు. నా పేరుతో లాభం చేసుకోవచ్చు, నేను మాత్రం మీ గుడ్డ తొడగకూడదా అని ఆయన అనుకొని వుంటే అందులో తప్పేముంది?

ఇదంతా ఎందుకు జరుగుతుందో ఇల్లు నడిపే మనకు తేలిగ్గానే బోధపడుతుంది. మార్కు చొక్కా ధరలో గుడ్డ ఖరీదు కొంత, కుట్టుకూలి కొంత, మిగిలినదంతా పేరు ఖరీదు. ఆ పేరు మనతో ఒక మాట చెబుతుంది. "నన్ను వేసుకుంటే నువ్వు ఫలానా గొప్పవాళ్ళలాగా కనిపిస్తావు" అని. మనం కొనేది ఆ మాటనే. ఆ గొప్పవాళ్ళు కాని వాళ్ళెవరైనా అదే చొక్కా వేసుకొని వీధిలో తిరిగితే గుడ్డ చెడిపోదు, కుట్టు ఊడిపోదు, మాట మాత్రం ఊడిపోతుంది. కంపెనీ భయం అదీ.

ఇంగ్లండులో బర్బరీ అనే పాత సంస్థ వుంది. 1856లో థామస్ బర్బరీ అనే ఆయన పెట్టాడు. వానకు తడవని కోట్లకు పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులు ఆ కోట్లు తొడిగారు. లేత గోధుమ రంగు మీద నలుపు, తెలుపు, ఎరుపు గళ్ళు వుంటాయి చూడండి, అది వాళ్ళ గుర్తు. మొదట్లో కోటు లోపలి అస్తరుకే వాడేవారు. తరువాత తరువాత టోపీలకూ, సంచులకూ, కంఠానికి చుట్టుకునే ఉన్ని గుడ్డలకూ ఎక్కింది. 2002లో డానియెల్లా వెస్ట్‌బ్రూక్ అనే టీవీ నటి, ఆమె చిన్నారి కూతురు ఇద్దరూ ఆ గళ్ళ బట్టలే తొడుక్కొని బయటికి వచ్చిన ఫొటో పత్రికల్లో పడింది. ఇక చూడండి, ఎంత ఎగతాళో! కూలిపేటల కుర్రాళ్ళూ, ఫుట్‌బాల్ మైదానాల్లో తగాదాలు పడేవాళ్ళూ కూడా ఆ గళ్ళ టోపీలే పెట్టారు. వాటిలో నకిలీలు బోలెడు. కొన్ని ఊళ్ళలో మద్యశాలలవాళ్ళు ఆ గళ్ళ బట్టలు వేసుకొని వచ్చినవాళ్ళను లోపలికే రానివ్వలేదు. 2004లో కంపెనీ ఆ గళ్ళ టోపీ అమ్మడం మానేసింది. మిగిలిన సరుకుల మీద కూడా గళ్ళు కనపడకుండా తగ్గించింది.

పాపం, ఆ నటి చేసిన నేరమేమిటి? దొంగిలించలేదు, ఎవరినీ కొట్టలేదు. తల్లీబిడ్డలం ఒకే రకం వేసుకుందామని ముచ్చటపడింది. మనం పండక్కి అమ్మాయికీ మనకీ ఒకే తాను గుడ్డ తీయడం లేదూ? పదమూడేళ్ళు తిరిగేసరికి, 2017లో, అదే కంపెనీ అవే గళ్ళను, అదే టోపీని మళ్ళీ కొత్త ఫ్యాషన్ అని వేదిక ఎక్కించింది. అప్పుడు పరువు తక్కువైనది ఇప్పుడు ముద్దొచ్చింది!

అయితే కంపెనీలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదు. మన వీధుల్లో తోపుడుబండి మీద కూడా దొరికే మొసలి బొమ్మ చొక్కా తెలుసు గదా? అసలు మొసలి ఫ్రాన్సుకు చెందిన లకోస్ట్ కంపెనీది. 2011 జులై 22న నార్వే దేశంలో ఒకడు విద్వేషం తలకెక్కి 77 మందిని చంపాడు. వాడిని కోర్టుకు తీసుకెళుతున్నప్పుడు ఒంటి మీద మొసలి బొమ్మ స్వెట్టరు వుంది. మా బట్టలు వాడు వేసుకోకుండా చూడండని కంపెనీవారు అక్కడి పోలీసులను కోరినట్టు ఆ సెప్టెంబరులో పత్రికలు రాశాయి. ఆ బాధ అర్థం చేసుకోవచ్చు.

ఇంకొకటి వినండి. ఫ్రెడ్ పెర్రీ అనే ఆయన ఇంగ్లండులో ఒక మిల్లు కార్మికుడి కొడుకు. 1934, 35, 36లో వరుసగా మూడేళ్ళు వింబుల్డన్ టెన్నిస్ గెలిచాడు. ఆయన పేరుతో 1952లో చొక్కాలు వచ్చాయి. ఈ మధ్య కాలంలో అమెరికాలో ప్రౌడ్ బాయ్స్ అనే ఒక దుందుడుకు ముఠా, నలుపు మీద పసుపు అంచున్న ఆ చొక్కాను తమ యూనిఫారంలాగా చేసుకుంది. 2020లో కంపెనీ, మాకూ వాళ్ళకూ ఏ సంబంధం లేదు, వాళ్ళు ఆ చొక్కా వదిలేసేదాకా అమెరికాలోనూ కెనడాలోనూ అది అమ్మం అని తేల్చి చెప్పింది. అమ్మకం పోయినా సరే అన్నది.

లాన్స్‌డేల్ అనే బాక్సింగ్ బట్టల కంపెనీ కథ మరీ చిత్రం. ఆ పేరు ఇంగ్లీషులో ఛాతీ మీద పెద్దక్షరాలతో వుంటుంది. పైన కోటు వేసి గుండీలు వదిలేస్తే మధ్యలో ఎన్, ఎస్, డి, ఏ అనే నాలుగక్షరాలే కనపడతాయి. హిట్లర్ పార్టీ పేరు పొడి అక్షరాల్లో మొదటి నాలుగూ అవే! అందుకని యూరపులో హిట్లర్ భక్తులు ఆ చొక్కాలు కొన్నారు. కంపెనీ ఏం చేసింది? అలాంటివాళ్ళకు అమ్మే దుకాణాలకు సరుకు ఆపేసింది. మాకు అన్ని రంగులూ ఇష్టమే అంటూ 2003లో రకరకాల దేశాలవాళ్ళ చేత తమ బట్టలు వేయించి ప్రచారం చేసింది. గుమ్మం మూసుకోవడం కాదు, పెద్దది చేసింది. నాకు ఈ పద్ధతి నచ్చింది.

చూశారా, ఇక్కడ రెండు రకాలు వున్నాయి. మనిషి చేసిన పనిని చూసి నీవు మా గుడ్డ కట్టొద్దు అనడం ఒకటి. మనిషి ఎవరో చూసి, ఏ పేటలో వుంటుందో, ఎంత లావుందో, ఏ కులమో, ఏ రంగో చూసి అనడం రెండోది. బియ్యంలో రాళ్ళేరడం వేరు, పంక్తిలో కూర్చున్నవాళ్ళను ఏరడం వేరు.

మొదట చెప్పిన అమెరికా కంపెనీ ఈ రెండో పనికే అలవాటు పడింది. దాని పెద్ద అధికారి మైక్ జెఫ్రీస్, అందంగా వుండి నలుగురిలో పేరున్న పిల్లల కోసమే మా బట్టలు, అందరూ మాకు అక్కరలేదు అనే అర్థం వచ్చేట్టు 2006లో ఒక పత్రికకు చెప్పాడు. ఒళ్ళున్న ఆడపిల్లలకు పెద్ద సైజులు వుంచేవారు కాదు. 2008లో అక్కడి ఓక్లహోమా రాష్ట్రంలో సమంతా ఎలాఫ్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఆ దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళింది. తలకు ముసుగు కట్టుకుందని తీసుకోలేదు. ఆ పిల్ల ఊరుకోలేదు. ప్రభుత్వ సంస్థ ఆమె తరఫున వాదించింది. 2015 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల్లో ఎనిమిదిమంది ఆమె పక్షాన నిలిచారు. ఇక 2006 నాటి మాటలు 2013లో మళ్ళీ బయటికి వచ్చి జనం ఛీ అన్నారు. 2014 చివర్లో జెఫ్రీస్ ఆ పదవి వదిలాడు. తరువాత అదే కంపెనీ పెద్ద సైజులూ తెచ్చింది, ఎవరైనా రండి అన్నది.

కాదన్నవాళ్ళే కాళ్ళబేరానికి వచ్చిన కథ మరొకటి వుంది. న్యూయార్కులో నల్లజాతివారు ఎక్కువగా వుండే హార్లెం పేటలో డాపర్ డాన్ అనే దర్జీ 1982లో దుకాణం తెరిచాడు. గూచీ, ఫెండీ వంటి ఖరీదైన మార్కుల గుర్తులు గుడ్డ మీద అచ్చువేసి, తన పేటలోని పాటగాళ్ళకూ, ఆటగాళ్ళకూ తనదైన తీరులో కోట్లు కుట్టేవాడు. కంపెనీలవాళ్ళు దావాలు వేశారు. దాడులు చేయించారు. 1992లో దుకాణం మూతపడింది. వాళ్ళ గుర్తు అడగకుండా వాడడం తప్పే, కాదనను. అయితే 2017లో ఏమైందో తెలుసా? ఆయన 1989లో ఒక ఒలింపిక్ క్రీడాకారిణికి కుట్టిన కోటులాంటిదే గూచీ కంపెనీ తమ కొత్త డిజైను అని చూపించింది. జనం పట్టుకున్నారు. చివరికి కంపెనీ ఆయనతోనే పొత్తు కలిపి, 2018లో అదే హార్లెంలో ఆయన చేత మళ్ళీ దుకాణం తెరిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. టామీ హిల్ఫిగర్ అనే అమెరికా డిజైనరు, నల్లవాళ్ళూ ఆసియావాళ్ళూ నా బట్టలు వేసుకుంటారని తెలిస్తే కుట్టేవాణ్ణే కాదు అని ఓప్రా విన్‌ఫ్రీ టీవీ కార్యక్రమంలో అన్నాడనీ, ఆమె వెంటనే లేచి పొమ్మన్నదనీ ఏళ్ళ తరబడి ఒక పుకారు దేశదేశాలు తిరిగింది. అది శుద్ధ అబద్ధం. అసలు అప్పటికి ఆయన ఆ కార్యక్రమానికే వెళ్ళలేదు. 2007లో ఓప్రాయే ఆయన్ని పిలిపించి, అందరి ముందూ ఇది అబద్ధమని చెప్పించింది. అంత అబద్ధాన్ని అంతమంది ఎందుకు నమ్మారు? అలాంటి మాట మనసులో అనుకునేవాళ్ళు వుంటారని ప్రతివాళ్ళకూ అనుభవమే కనుక.

మనకు మాత్రం అనుభవం లేదా? మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఈ తెలంగాణ పల్లెల్లో దొరల కాలంలో గడి ముందు నుంచి పోయేటప్పుడు తక్కువ కులాలవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకొని నడవాలి. చెప్పులు కుట్టినవాడే తన కాళ్ళకు చెప్పులు తొడగకూడదు! అప్పుడు ఏ కంపెనీ వుంది, ఏ మార్కు వుంది? గుడ్డనూ, తోలునూ పట్టి మనిషిని కొలవడం మనకు ఒకరు నేర్పిన విద్య కాదు.

కానీ మన మగ్గం మాత్రం ఆ విద్య నేర్వలేదు. తేలియా రుమాలు పేరు వినే వుంటారు. చీరాలలో పుట్టి, ఇప్పుడు భువనగిరి వైపు పుట్టపాకలో నేస్తున్నారు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులు పట్టిస్తారు. ఆ గుడ్డను చేపలు పట్టేవాళ్ళు లుంగీగా కట్టారు. అరబ్బు దేశాలవాళ్ళు తలకు చుట్టారు. నిజాం కాలంలో హైదరాబాదు పెద్దింటి ఆడవాళ్ళు పైటగా వేసుకున్నారు. జాలరికీ, జమీందారు కోడలికీ ఒకే నూనె వాసన! ఎవరు కట్టినా దాని పరువు తగ్గలేదు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక నా చీర సంగతి.

రెండేళ్ళ కిందట దసరాకు చిలకపచ్చ రంగుకు మెరూన్ అంచున్న చీర ఒకటి కొన్నాను. మనసుపడి కొన్నదే. పండుగనాడూ, ఒక పేరంటానికీ కట్టాను. అందరూ బాగుందన్నారు. నెల తిరగకముందే ఒకనాటి ఉదయం, మా ఇంట్లో అంట్లు తోమే ఆమె అచ్చంగా అదే చీర కట్టుకొని వచ్చింది. అదే రంగు, అదే అంచు. ఆమె భర్త కాంట్రాక్టు కూలీ. మూటల చీరలాయన దగ్గర కిస్తీల మీద తీసుకుందట.

"అమ్మా, మీ చీర సూస్తే మస్తు మనసైంది. గసొంటిదే కావాలని అడిగి తెప్పిచ్చుకున్న. మంచిగున్నదా?" అన్నది, కొంగు చేత్తో సవరించుకుంటూ.

"బాగుంది" అన్నాను. అంతే అన్నాను. ఆ సాయంత్రం నా చీర మడతపెట్టి బీరువా అడుగున పెట్టేశాను.

మా అమ్మాయి ఒకసారి అడిగింది, "ఆ పచ్చచీర కట్టవేమమ్మా?" అని. "కుచ్చెళ్ళు నిలవవే" అన్నాను. అది అబద్ధం. కుచ్చెళ్ళు బ్రహ్మాండంగా నిలుస్తాయి. కొన్నాళ్ళకు నాకొక సంగతి తట్టింది. ఆమె కూడా ఆ చీర మా ఇంటికి కట్టుకురావడం మానేసింది. పాత చీరలతోనే వస్తోంది. నేను నోరు విప్పి ఒక్క మాట అనలేదు. ప్రకటన చేయలేదు, డబ్బిస్తాననలేదు. అయినా ఆమెకు అర్థమైపోయింది. ఇన్ని నెలల కిస్తీలు కట్టి కొనుక్కున్న చీరను నా మౌనం ఆమె ఒంటి మీద నుంచి తీసేసింది.

అమెరికా కంపెనీ కథ విని నేను నవ్వానని చెప్పాను గదా. ఆ రాత్రి బీరువా తీసినప్పుడు ఆ నవ్వు పోయింది. ఆ కంపెనీ కనీసం నలుగురూ వినేట్టు చెప్పింది. నేను చెప్పకుండానే చేశాను. కంపెనీకైతే వ్యాపారం పోతుందన్న భయం. నాకు ఏం పోతుందని?

కిందటి సద్దుల బతుకమ్మనాడు ఆ చీర తీసి కట్టుకున్నాను. గోదావరి ఒడ్డున ఆడవాళ్ళందరం బతుకమ్మలు పెట్టి ఆడుతున్నాం. ఆమె కూడా వచ్చింది, వేరే చీరలో. నన్ను చూసి దగ్గరికొచ్చి, నా కొంగు అంచు చేత్తో పట్టి చూసింది. "మీది రంగు దిగలేదమ్మా. నాది జెర దిగింది" అన్నది. "దసరానాడు కట్టుకురా, చూస్తాను" అన్నాను. అంతకన్నా పెద్ద మాట నాకు రాలేదు. దసరానాడు కట్టుకొచ్చింది. నేనూ అదే కట్టుకొని వున్నాను. మా అమ్మాయి మా ఇద్దర్నీ చూసి నవ్వింది. మేమూ నవ్వాం.

సోదరీమణులారా, మనం కంపెనీలు నడపం. కానీ మన గుమ్మంలో, మన పేరంటంలో, ఎవరు ఏది కట్టొచ్చో రోజూ కళ్ళతోనే తీర్పులు చెబుతూంటాం. ద్వేషాన్ని ఒంటి మీద వేసుకు తిరిగేవాడిని కాదనండి, తప్పులేదు. కష్టపడి కొనుక్కున్న చీర కట్టుకొని, "మంచిగున్నదా" అని అడిగిన మనిషికి మాత్రం కళ్ళలోకి చూసి జవాబు చెప్పండి. మీ బీరువా అడుగున కూడా అలాంటి చీర ఒకటి వుంటే, ఈ పండక్కి బయటికి తీయండి.